దూడను కాపాడినవాడు దయగలవాడేనా?

దయ అంటే ఏమిటి అని అడిగితే మనలో చాలామంది తడుముకోకుండా జవాబు చెప్తాం. ఎదుటి ప్రాణి కష్టంలో ఉన్నప్పుడు మన లాభం చూసుకోకుండా సాయం చేయడమే దయ అంటాం. పావురం కోసం తన ఒంటి మాంసం కోసి ఇచ్చిన శిబి చక్రవర్తి కథ చెప్తాం. ఆ పావురం వల్ల శిబికి దమ్మిడీ లాభం లేదు, కాబట్టి అది దయే అని అందరం ఒప్పుకుంటాం. మరి లాభం ఉండి చేసిన సాయం సంగతేమిటి? అది దయ అవుతుందా, వట్టి వ్యాపారమా? ఈ ప్రశ్నకు శిబి కథలో జవాబు దొరకదు. అమెరికాలో మంచు తుఫానుల మధ్య ఆవులను ఈనించుకునే రైతుల జీవితంలో దొరుకుతుందేమో చూద్దాం.

అమెరికా నడిమధ్యలో నెబ్రాస్కా, దక్షిణ డకోటా, ఉత్తర డకోటా, మోంటానా అనే రాష్ట్రాలున్నాయి. కనుచూపు మేర గడ్డి నేలలు. నెబ్రాస్కాలో మనుషుల కన్నా పశువులు మూడు రెట్లకు పైగా ఎక్కువ. అక్కడ వేల ఎకరాల మేత భూమిలో మాంసం కోసం ఆవులను పెంచేవాళ్ళను రాంచర్లు అంటారు. మన ఇళ్ళలో రెండు మూడు ఆవులుంటే, అక్కడ ఒక్కో కుటుంబానికి వందల ఆవులుంటాయి. వాటిని పాలు పితకరు. తల్లి పాలన్నీ దూడే తాగుతుంది. శరదృతువులో, అంటే అక్టోబరు, నవంబరు నెలల్లో, రెండు వందల కిలోలు దాటిన దూడలను సంతలో అమ్ముతారు. ఏడాదంతటి సంపాదన ఆ ఒక్క అమ్మకం మీదే ఆధారపడి ఉంటుంది.

ఆవు సుమారు 283 రోజులు మోస్తుంది. కిందటి వేసవి మొదట్లో మందలోకి కోడెను వదిలితే, ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆవులు ఒకదాని వెంట ఒకటి ఈనుతాయి. మనకు అప్పటికే ఎండలు ముదురుతుంటాయి. అక్కడ మాత్రం అది చలికాలం చివర. పగలు కాస్త ఎండ కాసి మంచు కరిగినట్టే ఉంటుంది, రాత్రికి మళ్ళీ సున్నాకు ఇరవై డిగ్రీల దిగువకు కూడా పోవచ్చు. పెద్ద తుఫానులు కూడా ఈ కాలంలోనే వస్తాయి. 2019 మార్చిలో నెబ్రాస్కాలో ఒకపక్క మంచు తుఫాను, ఇంకోపక్క గడ్డకట్టిన నేల మీద వాన కురిసి వరద, రెండూ ఒకేసారి వచ్చాయి. మార్చి 14న నియోబ్రారా నది మీద స్పెన్సర్ డ్యామ్ తెగిపోయింది. సరిగ్గా ఆవులు ఈనే రోజులవి.

దూడ పుట్టేటప్పుడు ముప్పై అయిదు, నలభై కిలోలు ఉంటుంది. ఉమ్మనీటితో ఒళ్ళంతా తడిసి ఉంటుంది. తల్లి నాకి ఆరబెట్టేలోపు చలిగాలి కొడితే ఆ తడి మీదే గడ్డ కడుతుంది. దూడ ఒంటి వేడి మామూలుగా 38 డిగ్రీల పైన ఉండాలి. అది 34 డిగ్రీలకు పడిపోతే ఇక లేవలేదు, పాలు చీకలేదు. బతికి బయటపడ్డా కొన్నింటికి చెవుల కొనలు, తోక చివర చలికి చచ్చుబడి రాలిపోతాయి. పైగా ఆవు కడుపులో ఉన్నప్పుడు తల్లి నుంచి దూడకు రోగాలను ఆపే శక్తి అందదు. అది అందేది జున్నుపాల ద్వారానే. మొదటి ఆరు గంటల్లో తాగితే బాగా ఒంటబడుతుంది, ఒక రోజు దాటితే దూడ పేగులు ఆ శక్తిని లోపలికి తీసుకోలేవు. అంటే దూడకు ఆ రాత్రి జరిగిందే దాని ఆయుష్షును నిర్ణయిస్తుంది.

అందుకే రాంచరు ఇంట్లో ఆ రెండు నెలలు ఎవరికీ సరైన నిద్ర ఉండదు. ముఖ్యంగా తొలిచూలు పెయ్యలను రెండు మూడు గంటలకొకసారి చూసి రావాలి. భార్య ఒక వంతు, భర్త ఒక వంతు, పెద్ద పిల్లలు ఒక వంతు. గాలికి అడ్డంగా చెక్కలతో గోడలు కడతారు, నేల మీద గడ్డి పరుస్తారు. చల్లబడిన దూడ కనబడితే పికప్ బండిలో హీటరు ముందు పడుకోబెట్టి తెస్తారు. ఇంట్లో స్నానాల తొట్టిలో గోరువెచ్చని నీళ్ళు నింపి అందులో ఉంచుతారు. తువ్వాళ్ళతో రుద్దుతారు. చీకలేకపోతే గొట్టంతో జున్నుపాలు పొట్టలోకి పంపుతారు. ఆరిన తరువాత మళ్ళీ తల్లి దగ్గరికి చేర్చాలి, లేకపోతే తల్లి దాన్ని మరిచిపోవచ్చు.

ఇంత చేసి కాపాడిన దూడను ఆ మనిషే ఆర్నెల్లు, ఏడు నెలలు పోయాక అమ్ముతాడు. అది చివరకు పోయేది కబేళాకే. ఇక్కడే మన ప్రశ్న మొదలవుతుంది.

మొదటి జవాబు సులభం. "అదంతా డబ్బు కోసమే, దయ ఏముంది అందులో" అనేయవచ్చు. ఈ జవాబుకు పెద్దల మద్దతు కూడా ఉంది. జర్మనీ తత్వవేత్త కాంట్ 1785లో అచ్చయిన తన పుస్తకంలో ఒక అంగడివాడి ఉదాహరణ చెప్తాడు. ఆ అంగడివాడు చిన్నపిల్లవాడు వచ్చినా మోసం చేయడు, అందరికీ ఒకటే ధర. మంచి పనే. కానీ పేరు పోతే బేరాలు పోతాయని అలా చేస్తే, దానికి నీతి విలువ లేదంటాడు కాంట్. ఆ లెక్కన దూడ చచ్చిపోతే డబ్బు పోతుందని లేచిన రాంచరుకూ ఏ గొప్పా లేదు.

ఈ వాదం నాకు సగమే సరి అనిపిస్తుంది. ఎందుకంటే లాభం ఒక్కటే ఉండి, దయ అసలు లేకపోతే ఏమవుతుందో ఆ గడ్డి నేలలే ఒకసారి చూపించాయి.

1880 దశకంలో మోంటానా, వయోమింగ్, డకోటా ప్రాంతాల్లో కంచెలు తక్కువ, మేత భూమి చాలావరకు ప్రభుత్వానిది. అమెరికా తూర్పు పట్నాల నుంచి, బ్రిటన్ నుంచి డబ్బున్నవాళ్ళు పశువుల మీద పెట్టుబడి పెట్టారు. చాలామంది ఆ మందలను కంటితో చూసినవాళ్ళు కూడా కాదు. చలికాలానికి మేత నిలవ చేయడం దండగ ఖర్చనుకున్నారు. పశువు దానికదే మంచు కింద గడ్డి తవ్వుకుని తింటుంది అనుకున్నారు. 1886 వేసవిలో వానలు లేక గడ్డి ఎండింది. ఆ మీదట 1886-87 చలికాలం వచ్చింది. గాలికి ఎదురు నిలవలేక పశువులు గాలి వాలున నడిచి నడిచి కంచెల దగ్గర, లోయల్లో కుప్పలు కుప్పలుగా పడిపోయాయి. కొన్ని మందల్లో సగానికి పైగా పోయాయి. తరువాతి కాలంలో అమెరికా అధ్యక్షుడైన థియోడర్ రూజ్‌వెల్ట్ మంద కూడా డకోటాలో అలాగే దెబ్బతింది. మోంటానాలో అప్పుడు కౌబాయ్‌గా పనిచేస్తున్న చార్లెస్ రసెల్ తన యజమానికి పశువుల సంగతి ఉత్తరంలో రాయలేక, ఎముకల గూడులా నిలబడ్డ ఒకే ఒక్క ఆవు బొమ్మ చిన్న అట్టముక్క మీద గీసి పంపించాడు. ఆయన తరువాత పెద్ద చిత్రకారుడయ్యాడు, ఆ చిన్న బొమ్మ ఈనాటికీ ప్రసిద్ధం.

ఆ పెట్టుబడిదారులకూ లాభం కావాలి. ఈ రాంచరుకూ లాభం కావాలి. ఇద్దరి మధ్య తేడా లాభంలో లేదు. ఒకరు పశువును అంకెగా చూశారు, ఇంకొకరు దాని దగ్గరికి నడిచి వెళ్తారు. మోంటానాలో పెద్ద మందలున్న గ్రాన్‌విల్ స్టూవర్ట్ ఆ చలికాలం చూశాక, తాను మేపలేని, నీడ ఇవ్వలేని పశువును ఇంకెప్పుడూ సొంతం చేసుకోకూడదు అనుకున్నట్టు తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. ఈ మాటలో నాకు ఒక ధర్మం కనిపిస్తుంది. ఒక ప్రాణి నాది అన్నామంటే, దాని ఆకలి, దాని చలి కూడా నావే. "నాది" అనే మాట హక్కు మాత్రమే కాదు, బాకీ కూడా. ఆ తరువాతే అక్కడ ఎండుగడ్డి నిలవ చేయడం, చిన్న మందలు, చలికాలపు దొడ్లు మామూలయ్యాయి.

కాబట్టి లాభం ఉన్నంత మాత్రాన దయ లేదని చెప్పలేం. అమ్మ అన్నం పెడుతుంది, ముసలితనంలో కొడుకు చూస్తాడనే ఆశ కూడా మనసులో ఉండవచ్చు. అంతమాత్రాన ఆ అన్నం వ్యాపారమైపోతుందా? మనిషి మనసులో రెండు మూడు కారణాలు కలిసే ఉంటాయి. వాటిని బియ్యంలో రాళ్ళు ఏరినట్టు వేరుచేయడం కుదరదు. 2013 అక్టోబరు మొదట్లో దక్షిణ డకోటాలో హఠాత్తుగా తుఫాను వచ్చింది. పశువులకు ఇంకా చలికాలపు బొచ్చు కూడా పెరగలేదు. ముందు వానకు తడిసి, తరువాత మంచులో చిక్కి వేలాది పశువులు చచ్చిపోయాయి. నష్టపరిహారం ఇచ్చే చట్టం గడువు అప్పటికే తీరిపోయింది, 2014లో గానీ కొత్త చట్టం రాలేదు. ఈలోగా మోంటానా మొదలైన చోట్ల రైతులు తమ మందల నుంచి పెయ్యలను ఊరికే ఇచ్చి, మందలు పోయిన కుటుంబాలకు పంపారు. వాళ్ళకు అందులో ఏ లాభం ఉంది? రోజూ లాభం కోసం పశువును చూసుకునే చేయి, అవసరం వస్తే లాభం లేకుండా కూడా ఇవ్వగలదన్నమాట.

ఇక రెండో ప్రశ్న ఇంకా కష్టమైనది. మార్చిలో మంచు పడుతుందని రాంచరుకు తెలుసు. కోడెను ఎప్పుడు వదలాలో నిర్ణయించేది అతనే. మరి ఆ దూడ చలిలో పుట్టడానికి కారణం అతనే కదా? మనమే బావిలో తోసి, మనమే తాడు వేసి పైకి లాగితే అది రక్షించడమా?

రాంచర్ల వైపు నుంచి చెప్పాలంటే వాళ్ళకు కారణాలున్నాయి. ముందుగా పుట్టిన దూడ అమ్మకం నాటికి ఎక్కువ బరువు తూగుతుంది. పొలం పనులు మొదలయ్యేలోపు ఈతలు అయిపోతాయి. పచ్చగడ్డి వచ్చేసరికి దూడ ఆ గడ్డిని తినగలిగేంత పెద్దదవుతుంది. అయినా అందరూ అదే దారిలో లేరు. కొందరు రైతులు మే నెలకు మార్చుకున్నారు. జింకలు, అడవి దున్నలు పిల్లలను కనే కాలంలోనే ఆవు కూడా ఈనితే మంచిదని వాళ్ళ వాదన. దూడ బరువు కొంత తగ్గుతుంది, కానీ మేత ఖర్చు, చావులు తగ్గుతాయి. అయితే మే నెలలో కూడా అక్కడ ఒక్కోసారి మంచు పడుతుంది. పూర్తిగా భయం లేని నెల అంటూ లేదు.

ఇంకో చిన్న ఉపాయం ఉంది. కెనడాలోని మానిటోబాలో కోనెఫాల్ అనే రైతు ఆవులకు రాత్రిపూట ఆలస్యంగా మేత వేస్తే, ఎక్కువ ఆవులు పగటిపూట ఈనుతున్నాయని గమనించాడు. ఇప్పుడు ఆయన పేరుతోనే ఆ పద్ధతిని పిలుస్తారు. మందు లేదు, యంత్రం లేదు. మేత వేసే వేళ మార్చితే చాలు, కొన్ని దూడలు రాత్రి చలికి బదులు పగటి వెలుతురులో పుడతాయి.

దీన్నిబట్టి నాకు తోచింది ఇది. దయ తుఫాను రాత్రి మొదలవదు. తొమ్మిది నెలల ముందు కోడెను వదిలే రోజున, వేసవిలో గడ్డి కోసే రోజున, దొడ్డికి గాలి అడ్డు కట్టే రోజున మొదలవుతుంది. ఆ రోజుల్లో చూసేవాళ్ళు ఉండరు, మెచ్చుకునేవాళ్ళు ఉండరు. తుఫానులో దూడను భుజాన వేసుకుని వచ్చే మనిషిని అందరూ మెచ్చుకుంటారు. కానీ అసలు తుఫానులో దూడ చిక్కుకోకుండా చూసినవాడే ఎక్కువ దయగలవాడు. ముందు ఏమీ ఆలోచించకుండా, ఆపద వచ్చాక ప్రాణం మీదికి తెచ్చుకుని చేసే సాయం ధైర్యమే కావచ్చు, సగం బాకీ మాత్రమే తీరుస్తుంది.

మూడో ప్రశ్న అందరికన్నా మన ఇళ్ళలో ఎక్కువ బాధపెట్టేది. చివరకు చంపడానికే అయితే కాపాడడం ఎందుకు? మా ఇంట్లో ఈ సంగతి చెప్పినప్పుడు మా అవ్వ "కోసుకునేవాడికి కనికరమేంటిరా" అంది. ఆమె మాటను తేలిగ్గా తీసేయలేను. మాంసం తినేవాళ్ళు, తినని వాళ్ళు ఇద్దరూ మన తరగతిలోనే ఉన్నారు. ఈ విషయంలో అందరినీ ఒప్పించే శక్తి నాకు లేదు. కానీ ఒకటి చెప్పగలను. చలికి వణుకుతున్న దూడకు అక్టోబరు తెలియదు. దాని బాధ ఈ రాత్రి బాధ, దాని వెచ్చదనం ఈ రాత్రి వెచ్చదనం. రేపటి చావు ఈనాటి బాధను అబద్ధం చేయదు. చావబోయే ప్రాణి బాధను పట్టించుకోనక్కరలేదు అంటే, మనమందరం కూడా ఒకరోజు పోయేవాళ్ళమే కదా.

అయితే దీనికి రెండో పక్క కూడా ఉంది. మార్చిలో కాపాడాను కాబట్టి అక్టోబరులో ఏం చేసినా తప్పులేదు అనడం కుదరదు. దయ రసీదు కాదు, చూపించి తరువాత వాడుకోవడానికి. 1928లో సబర్మతి ఆశ్రమంలో ఒక దూడ నయంకాని జబ్బుతో విలవిలలాడుతుంటే, గాంధీజీ ఆలోచించి డాక్టరు చేత ఇంజక్షన్ ఇప్పించి దాని బాధ ముగించారు. దేశంలో ఎంతోమంది ఆయనను తప్పుపట్టారు. చంపకుండా ఉండడం ఒక్కటే అహింస కాదని, ఎవరి మేలు కోసం ఆ పని చేశాం అన్నదే ముఖ్యమని ఆయన వాదించారు. ఆ కొలత పెడితే, రాంచరు దూడను అమ్మేది దూడ మేలు కోసం కాదు. అది ఒప్పుకోవాలి. మార్చి రాత్రి చేసింది మంచి, అక్టోబరు సంగతి వేరుగా తేల్చుకోవలసిన ప్రశ్న. ఒకదాన్ని ఇంకొకదానితో చెరిపేయకూడదు.

ఇంతవరకూ దూరదేశం వాళ్ళ గురించే మాట్లాడాం. దూరం నుంచి తీర్పు చెప్పడం సులభం. మన కోలారు సీమను పట్టు, పాలు, బంగారం సీమ అంటారు. బంగారం గనులు మూతపడ్డాయి గానీ పాల డైరీ ప్రతి ఊళ్ళోనూ ఉంది. సంక్రాంతికి ఆవుల కొమ్ములకు రంగులు వేస్తాం, పసుపు కుంకుమ పెడతాం, సాయంత్రం కిచ్చు దాటిస్తాం. కర్ణాటకలో చదివే మనకు పుణ్యకోటి పాట రాని పిల్లవాడు లేడు. మన తెలుగులో కూడా అదే కథ ఉంది, అనంతామాత్యుడు భోజరాజీయంలో గోవ్యాఘ్ర సంవాదంగా చెప్పాడు. పులికి మాట ఇచ్చి, బిడ్డకు పాలు ఇచ్చి తిరిగి వచ్చిన ఆవు కథ విని కళ్ళు తుడుచుకుంటాం.

మరి మన దొడ్లో సంగతి? ఆవు ఈనగానే పెయ్యదూడా, కోడెదూడా అని ముందు అడుగుతాం. పెయ్య అయితే ఇంట్లో సంతోషం. కోడెదూడ అయితే, ఇప్పుడు దున్నడానికి ట్రాక్టరుంది, ఈతకు ఇంజక్షనుంది, దానితో పనేముంది? చాలా చోట్ల దానికి పాలు తగ్గుతాయి. ఒక చన్ను వదలాల్సింది సగం కూడా వదలరు. బక్కచిక్కి నాలుగు వారాలకే పోయినవి ఎన్నో. చంపలేదు కాబట్టి పాపం లేదు అనుకుంటాం. జున్ను కోసం ఇరుగుపొరుగు గిన్నెలు పట్టుకుని వస్తారు. ఆ జున్నుపాలు దూడకు మొదటి ఆరు గంటల్లో ఎంత అవసరమో పైన చూశాం. రాంచరుకు కోడెదూడైనా పెయ్యదూడైనా ధర ఉంది కాబట్టి రెండింటికీ లేస్తాడు, మనకు ఒకదానికి ధర లేదు కాబట్టి లేవం. అప్పుడు లాభం చూసుకుని దయ చూపేది వాళ్ళా, మనమా?

ఇది ఎవరినీ నిందించడానికి రాయడం లేదు. రెండు ఆవుల మీద బతికే ఇంటికి ఒక లీటరు పాలు కూడా పెద్ద మాటే. డైరీలో పాల లెక్క చూసుకుని ఫీజు కట్టే తల్లిదండ్రులు మన బడిలోనే ఉన్నారు. బీదవాడికి దయ ఖరీదైనది అన్నది నిజం. అందుకే దయను మనసు మెత్తదనం మీద వదిలేయకుండా, పని వేళల్లో పెట్టుకోవాలి. ఎంత కరుకైన మనిషైనా పాటించగలిగేలా ఇంటి అలవాటు చేయాలి. మంచు దేశపు రైతు తెల్లవార్లూ గంట పెట్టుకుని లేచేది రోజూ మనసు కరిగి కాదు. అది అతని పని కాబట్టి. కరిగే మనసు ఒక్కోరోజు కరగదు, అలవాటు మాత్రం ఆ రోజు కూడా లేపుతుంది.

కాబట్టి నా జవాబు ఇది. దూడను కాపాడినవాడు దయగలవాడే, అతని లాభం ఆ దయను పూర్తిగా చెరపదు. కానీ అతని దయ ఎంతదో తెలియాలంటే మూడు చూడాలి. ఆపద రాకముందు ఏం సిద్ధం చేశాడు? లాభం లేని ప్రాణి పట్ల ఎలా ఉన్నాడు? చేసిన మంచిని చూపించి వేరే తప్పును కప్పుకున్నాడా? ఈ మూడు ప్రశ్నలూ మోంటానా రైతును ఎంత అడగాలో మనల్నీ అంతే అడగాలి.

ఈ ఏడు మన ఇళ్ళలో ఆవు ఈనితే, చదువుకున్న పిల్లలుగా మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. దూడ పుట్టగానే గోనెపట్టతో ఒళ్ళు తుడిచి, పొడి గడ్డి మీద పడుకోబెట్టాలి. ఆరు గంటల్లోపు అది కడుపునిండా జున్నుపాలు తాగేలా చూసి, ఆ తరువాతే గిన్నెలకు పితకమని అమ్మానాన్నలకు చెప్పాలి. కోడెదూడ పుట్టినా అంతే పాలు వదలమని అడగాలి. ఇంట్లో కుదరదంటే, ఎంతవరకు కుదురుతుందో కూర్చుని మాట్లాడుకోవాలి. ఆ మాట మాట్లాడడానికి పెద్ద తత్వశాస్త్రం అక్కరలేదు, దొడ్లోకి వెళ్ళి దూడను ఒకసారి చూసి వస్తే చాలు.

(పదవ తరగతి, తెలుగు మాధ్యమం)